బడి సర్వర్లకు ఉమ్మడి నిల్వ: ఏది తీసుకోవాలి, ఎందుకు

 

మన బడి పాత సర్వర్ తీసేసి కొత్త ఏర్పాటు చేసుకోవాలని తల్లిదండ్రుల సంఘంలో మాట నడుస్తోంది. "ఒక మిషన్ చాలదా, రెండెందుకు?", "సాఫ్ట్‌వేర్ ఉచితమే అంటున్నారు, మరి డబ్బు దేనికి?", "మా పిల్లల వివరాలు ఎక్కడుంటాయి?" అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నలే. ఈ సంగతి తెలుగులో ఒకచోట రాసి ఉంచితే మీకూ, కంప్యూటర్ చదివే పై తరగతి పిల్లలకూ, మనలాంటి ఇతర తెలుగు బడుల వాళ్ళకూ పనికొస్తుంది. కొంచెం పొడవైన వ్యాసమే. తీరిగ్గా చదవండి.

ఏం కాపాడుకోవాలి

సర్వర్ అనగానే డబ్బా గుర్తొస్తుంది. డబ్బా పోతే మరొకటి కొనుక్కోవచ్చు. అందులో ఉన్నది వేరు. ప్రవేశాల రిజిస్టరు, టీసీలు, మార్కులు, ఫీజు లెక్కలు ఉన్నాయి. వీటితోపాటు మన అయ్యవార్లు ఏళ్ళ తరబడి కూర్చుని టైపు చేసిన తెలుగు ప్రశ్నపత్రాలు, అభ్యాస పత్రాలు ఉన్నాయి. ఆంధ్రలో, తెలంగాణలో అచ్చయ్యేవి మన పాఠ్యక్రమానికి అన్నివేళలా సరిపోవు. ఇక్కడ బజారులో దొరికేవి తెలుగులో ఉండవు. కాబట్టి ఆ ఫైళ్ళు పోతే వేరే చోట నుంచి డౌన్‌లోడ్ చేసుకునే వీలు లేదు. హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా ఇదే సంగతి. కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఈ దృష్టితోనే చూడండి.

ఒక మిషన్‌లో నాలుగు మిషన్లు

ఒకే ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకిస్తాం కదా. ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. వర్చువలైజేషన్ అంటే అదే. ఒక పెద్ద కంప్యూటర్ మెమరీని, ప్రాసెసర్‌ని, డిస్కుని వాటాలు వేసి, ఒక్కో వాటాలో ఒక్కో పూర్తి కంప్యూటర్ నడుస్తున్నట్టు చేస్తాం. ఆ వాటాని వర్చువల్ మిషన్ అంటారు. కంటైనర్ అని ఇంకొకటుంది. అది వంటిల్లు ఉమ్మడిగా ఉన్న వాటా లాంటిది: తేలిక, కానీ లినక్స్ పనులకే పనికొస్తుంది. ఇదేమీ నిన్నటి కనిపెట్టు కాదు. ఐబీఎం కంపెనీ 1972లోనే తన పెద్ద యంత్రాల మీద ఈ పద్ధతి అమ్మింది.

బడికి దీనివల్ల లాభమేమిటంటే, వర్చువల్ మిషన్ మొత్తం ఒక ఫైలులాగా ఉంటుంది. ఫైలుని కాపీ చేయొచ్చు, దాచొచ్చు, ఇంకో డబ్బా మీద పెట్టి నడపొచ్చు. కింద ఉన్న ఇనుము పాడైనా పైనున్న పని పాడవదు.

మన లెక్క ఇది. ఆఫీసు, మార్కులకు 4 జీబీ మెమరీ. మూడుల్ అనే పాఠాల సాఫ్ట్‌వేర్‌కి 4. ఇంటర్నెట్ లేకున్నా తెలుగు వికీపీడియా చదివించే కివిక్స్‌కి 2. ఫైళ్ళ పంపిణీకి 2. పాత ప్రశ్నపత్రాల విండోస్‌కి 1. మొత్తం 13 జీబీ. 32 జీబీ ఉన్న ఒక్క మిషన్‌కి ఇది బరువు కాదు. రెండు మిషన్లు కొంటున్నప్పుడు మాత్రం ఒక నియమం పెట్టుకోండి: ఒకటి పడిపోయినా రెండోది మొత్తం 13 జీబీనీ మోయగలగాలి. చెరో సగం మోసేట్టు కొంటే రెండు కొన్న ప్రయోజనం ఉండదు.

ఏ సాఫ్ట్‌వేర్

ఓపెన్ సోర్స్ ఎందుకు అన్నదానికి ఈ మధ్య జరిగిందే చాలు. ఈ రంగంలో పెద్ద పేరున్న వీఎంవేర్‌ని 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొనేసింది. డిసెంబరులో ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ కూడా ఆపి, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఇచ్చారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళిష్టం. కానీ విద్యా సంవత్సరం మధ్యలో ఇంకొకరి నిర్ణయం వల్ల బడి లెక్కలు తారుమారు కావడం మనకు పనికిరాదు.

మనలాంటి వాళ్ళు చూడదగ్గవి ముఖ్యంగా రెండు. మొదటిది ప్రాక్స్‌మాక్స్. ఆస్ట్రియాలోని వియన్నా వాళ్ళది, 2008 నుంచి ఉంది. డెబియన్ లినక్స్ మీద నిలబడింది. లోపల పని చేసేది కేవీఎం. ఇది 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే భాగం. బ్రౌజర్‌లో తెరిచి మౌస్‌తోనే చాలా పనులు చేసుకోవచ్చు. డబ్బు కట్టకపోయినా అన్ని సదుపాయాలూ పనిచేస్తాయి. లాగిన్ అయినప్పుడల్లా "సబ్‌స్క్రిప్షన్ లేదు" అని ఒక చీటీ కనబడుతుంది. చూసి కంగారు పడొద్దు. కట్టినవాళ్ళకు బాగా పరీక్షించిన అప్‌డేట్లు, సహాయం దొరుకుతాయి. కట్టనివాళ్ళు వేరే భాండారం నుంచి అప్‌డేట్లు తీసుకోవాలి. అందుకే అప్‌డేట్ వచ్చిన రోజే వేయకుండా, పరీక్షలు లేని వారంలో వేయడం మంచిది.

రెండోది ఎక్స్‌సీపీ-ఎన్‌జీ. ఇంగ్లాండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టి 2003లో బయటికొచ్చిన జెన్ మీద ఆధారపడింది. 2018 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. వెనకున్నది ఫ్రాన్సులోని వేట్స్ అనే సంస్థ. గట్టిదే. నడపడానికి జెన్ ఆర్కెస్ట్రా అనేది వాడతారు. ఎక్కువ సర్వర్లున్న చోట అది బాగా కుదురుతుంది.

ఓవర్ట్ పేరు కూడా వింటారు. రెడ్‌హ్యాట్ సంస్థ దాని నుంచి వెనక్కి తగ్గింది కనుక కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు. ఓపెన్‌స్టాక్ అంటారా, ఊరి కుంటకు నాగార్జునసాగర్ గేట్లు పెట్టినట్టుంటుంది.

నా ఓటు ప్రాక్స్‌మాక్స్‌కే. గొప్పతనం బేరీజు వేసి కాదు. కింద ఉన్నది మామూలు డెబియన్. మన పిల్లలు ల్యాబులో ఉబుంటు వాడుతూ నేర్చుకున్న ఆదేశాలే ఇక్కడా పనిచేస్తాయి. మన బడిలో చదివి బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు సెలవుల్లో వచ్చినప్పుడు చెయ్యి వేయగలరు. ఏది చెడితే మనమే బాగుచేసుకోగలమో అదే మనకు మంచిది.

నిల్వ: అసలు చిక్కు ఇక్కడే

వర్చువల్ మిషన్ల డిస్కులు ఎక్కడ ఉంచాలి? ఏ సర్వర్‌వి ఆ సర్వర్‌లోనే ఉంచొచ్చు. లేదా అందరికీ కలిపి నెట్‌వర్క్ మీద ఒక నిల్వ డబ్బా పెట్టొచ్చు. రెండోదే ఉమ్మడి నిల్వ. దీనితో ఒక సౌకర్యం ఉంది. నడుస్తున్న మిషన్‌ని ఆపకుండానే ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చొచ్చు. డిస్కు ఉన్నచోటే ఉంటుంది, మెమరీ మాత్రమే అటు వెళ్తుంది. ఒక సర్వర్ చచ్చిపోతే దాని మీదివి ఇంకో సర్వర్ మీద మళ్ళీ లేస్తాయి.

ఎలా ఇవ్వాలన్నదానికి మూడు దారులున్నాయి.

ఎన్‌ఎఫ్‌ఎస్: సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన పద్ధతి. నిల్వ డబ్బా తన ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో పంచుతుంది. మిషన్ డిస్కు అందులో ఒక ఫైలు. క్యూకౌ2 అనే రకం ఫైలుగా పెడితే, 100 జీబీ డిస్కు అని చెప్పినా రాసినంత మేరకే చోటు తింటుంది. స్నాప్‌షాట్ కూడా తీసుకోవచ్చు. అంటే అప్‌డేట్ వేసేముందు ఒక గుర్తు పెట్టుకుని, తేడా వస్తే అక్కడికి వెనక్కి రావచ్చు. చెడినా అర్థం చేసుకోవడం తేలిక: ఫోల్డర్ తెరిస్తే ఫైలు కనబడుతుంది.

ఐస్కజీ: ఇది ఫోల్డర్‌ని కాదు, ముడి డిస్కునే నెట్‌వర్క్ తీగ మీద అందిస్తుంది. 2004లో ప్రమాణంగా ఖరారైంది. సర్వర్‌కి అది తన సొంత డిస్కులాగే కనబడుతుంది. పెద్ద సంస్థల్లో బాగా వాడతారు. ప్రాక్స్‌మాక్స్‌లో దీనిమీద మామూలుగా ఎల్‌వీఎం వేసి పంచుకుంటారు. అలా వేస్తే చెప్పినంత చోటూ ముందే పోతుంది. స్నాప్‌షాట్లు చాలాకాలం అసలు లేవు, 9వ వెర్షన్‌లో ప్రయోగదశలో వచ్చాయి. ఒక ప్రమాదం కూడా ఉంది. ఐస్కజీ డిస్కు మీద మామూలు ఫైల్‌సిస్టమ్ వేసి రెండు సర్వర్లలోనూ ఒకేసారి తెరిస్తే మొత్తం చిందరవందర అవుతుంది. ఒకే హాజరు పట్టీ మీద ఇద్దరు అయ్యవార్లు ఒకరినొకరు చూసుకోకుండా రాసినట్టు.

సెఫ్: విడిగా నిల్వ డబ్బా ఉండదు. సర్వర్ల డిస్కులన్నీ కలిసి ఒకే నిల్వ అవుతాయి. మామూలుగా ప్రతిదానికీ మూడు ప్రతులు ఉంచుతుంది. కనుక 3 టీబీ కొంటే 1 టీబీ వాడకానికి మిగులుతుంది. కనీసం మూడు సర్వర్లు, వేగమైన 10 గిగాబిట్ నెట్‌వర్క్, కరెంటు పోయినా రాసింది పోగొట్టుకోని మంచి ఎస్‌ఎస్‌డీలు కావాలి. చక్కని ఏర్పాటు. మన జేబుకి, మన చేతికి అందేది కాదు.

మొదటి రెండింట్లో బడికి ఎన్‌ఎఫ్‌ఎస్ మేలు. కానీ అంతటితో తేల్చేసుకోవద్దు.

రెండు సర్వర్లు కొన్నాం, ఒకటి పోయినా రెండోది ఉంది అని ధీమాగా ఉంటాం. ధాన్యమంతా పోసింది మాత్రం ఒకే గాదెలో. నిల్వ డబ్బా పవర్ సప్లయి కాలిపోతే రెండు సర్వర్లూ ఒకేసారి ఆగిపోతాయి. దానికి అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేసినా అంతే: అది మళ్ళీ లేచేదాకా అన్ని మిషన్లూ బిగుసుకుపోతాయి. డబ్బాలో రెండు డిస్కులు అద్దంలా ఒకేలా పెట్టాం కదా అంటారు. అది డిస్కు చెడినప్పుడే కాపాడుతుంది, డబ్బా చెడినప్పుడు కాదు. పొరపాటున ఫైలు చెరిపేస్తే రెండో డిస్కులోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. ఉమ్మడి నిల్వ ప్రమాదాన్ని తీసెయ్యదు, సర్వర్ నుంచి నిల్వ డబ్బాకి మారుస్తుంది. అమ్మేవాళ్ళు సాధారణంగా ఈ మాట చెప్పరు.

నిల్వ డబ్బాలు కూడా రెండు పెట్టి, ఒకదానికొకటి తోడుగా నడిపే పద్ధతులున్నాయి. వాటిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. కాలేజీకి సరే, మనకు కాదు.

మన రెండు మిషన్లకు కుదిరేది

నేను సూచించేది ఇది. రెండు సర్వర్లలోనూ సొంత డిస్కులు, వాటిమీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్. ప్రాక్స్‌మాక్స్‌లో రెప్లికేషన్ అని ఉంది: మొదటి సర్వర్‌లోని మిషన్ డిస్కులో మారిన భాగాన్ని మాత్రం ఎప్పటికప్పుడు రెండో సర్వర్‌కి పంపుతుంది. మనం ఏమీ మార్చకపోతే 15 నిమిషాలకోసారి. కావాలంటే నిమిషానికోసారి. రెండుచోట్లా నిల్వ పేరు ఒకటే ఉండాలి. మొదటిది పడిపోతే రెండోది చివరిసారి అందిన ప్రతితో లేస్తుంది. ఆఖరి కొద్ది నిమిషాల పని పోతుంది. మార్కులు ఎక్కించే వేళ పది నిమిషాల మార్కులు మళ్ళీ ఎక్కించుకోవాలి, భరించగలం. ఫీజు కౌంటర్ మిషన్‌కి మాత్రం నిమిషానికి పెడదాం. రసీదు ఇచ్చాక లెక్కలో లేదంటే మీతో మాట పడేది మేమే.

ఇక ఉమ్మడి నిల్వ డబ్బా వద్దా అంటే, కావాలి. బ్యాకప్‌ల కోసం, కివిక్స్ పెద్ద ఫైళ్ళ కోసం, ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓల కోసం ఎన్‌ఎఫ్‌ఎస్‌తో పెట్టుకుందాం. అది ఒక రోజు ఆగినా బడి ఆగదు.

మూడో వస్తువు ఒకటి కచ్చితంగా ఉండాలి. రెండు సర్వర్లు జట్టుగా ఉన్నప్పుడు మధ్య తీగ ఊడిందనుకోండి. "అవతలివాడు పోయాడు, పని నేను అందుకోవాలి" అని రెండూ అనుకుంటే కొంప మునుగుతుంది. అందుకే సగానికి మించి ఓట్లు ఉన్నవాడే పని చేయాలన్న నియమం. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలేది ఒక ఓటు. అది సగమే, సగానికి మించి కాదు. కాబట్టి బతికున్న సర్వర్ కూడా కొత్త మిషన్ ఏదీ మొదలుపెట్టదు! మూడో ఓటుకి పెద్ద మిషన్ అక్కర్లేదు. క్యూడివైస్ అనే చిన్న ప్రోగ్రాం ఒక పాత డెస్క్‌టాప్ మీదో, రాస్ప్‌బెర్రీ పై మీదో నడిస్తే చాలు. ఒక ముందుమాట: ఆటోమేటిక్‌గా లేచే ఏర్పాటు పెట్టాక, జట్టుతో తెగిపోయిన సర్వర్ కాసేపటికి తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. చెడిపోయిందని విప్పకండి, ముందు తీగ చూడండి.

తీగలు, కరెంటు

గిగాబిట్ నెట్‌వర్క్ లెక్క ప్రకారం సెకనుకు 125 ఎంబీ, చేతికందేది 110 దాకా. మన అయిదు మిషన్లకు చాలు. కానీ నిల్వ తీగలు, ల్యాబు తీగలు ఒకే స్విచ్‌లో కలపొద్దు. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలు అమరికలో పాస్‌వర్డ్ అడగదు, ఫలానా చిరునామా నుంచి వచ్చావు కనుక రా అంటుంది. ఆ చిరునామా పెట్టుకోవడం తొమ్మిదో తరగతి పిల్లవాడికి పెద్ద పనేం కాదు. (ఎవరని అడగను.) సర్వర్లకు వేరే చిన్న స్విచ్ పెట్టేస్తే గొడవ లేదు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఇంటి చిరునామాలు ఉండే చోటిది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం ఉన్నా లేకున్నా అది మన బాధ్యతే.

ఎండాకాలం కరెంటు సంగతి మీకు తెలిసిందే. యూపీఎస్ పెడితే సరిపోదు, దాని యూఎస్‌బీ తీగ సర్వర్‌కి తగిలించాలి. బ్యాటరీ అయిపోతోందని అది చెబితే నట్ అనే ఉచిత ప్రోగ్రాం అన్నింటినీ వరుసగా ఆపుతుంది. ఆపేటప్పుడు ముందు మిషన్లు, తర్వాత సర్వర్లు, చివర నిల్వ డబ్బా. లేచేటప్పుడు తిరగేసి. ఎన్‌ఎఫ్‌ఎస్ పంపకంలో అసింక్ అనే అమరిక పెడితే వేగం పెరిగినట్టు కనబడుతుంది. నిజానికి డిస్కు మీద రాయకముందే "రాసేశాను" అని చెబుతుంది. అప్పుడు కరెంటు పోతే ఆ మాట అబద్ధమే. అది పెట్టొద్దు.

కొనేటప్పుడు రెండు చూడండి. ప్రాసెసర్‌లో వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వీ ఉండి, బయోస్‌లో ఆన్ అయి ఉండాలి. హార్డ్ డిస్కులు ఎస్‌ఎంఆర్ రకం కాకూడదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక డిస్కు చెడి కొత్తది పెట్టినప్పుడు వాటితో విపరీతంగా ఆలస్యమవుతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో వాడిన సామాను బేరమాడే తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే ఈ రెండూ అడిగి తెలుసుకోండి. సర్వర్ పాతదైనా ఫరవాలేదు, డిస్కులు మాత్రం కొత్తవే కావాలి.

అను ఫాంట్ల పాత మిషన్

ప్రశ్నపత్రాలు చాలావరకు అను స్క్రిప్ట్‌తో, పేజ్‌మేకర్‌లో, విండోస్ ఎక్స్‌పీ మీద చేసినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి. మాటలు వస్తాయి, పట్టికలు, లెక్కల పత్రాల అమరిక చెదురుతుంది. అందుకని మార్చిన ప్రతితోపాటు పాత మిషన్‌నీ బతికించుకోవాలి.

దాని డిస్కుని క్లోన్‌జిల్లాతో ఉన్నదున్నట్టు ప్రతి తీసి వర్చువల్ మిషన్‌కి ఇవ్వాలి. డిస్కు రకం మొదట ఐడీఈ అని పెట్టాలి. వేరేది పెడితే ఎక్స్‌పీ దగ్గర ఆ డ్రైవర్ లేక నీలం తెర చూపించి ఆగిపోతుంది. విండోస్ మళ్ళీ యాక్టివేషన్ అడగొచ్చు. లైసెన్సు ఆ మిషన్‌కే కట్టేసిన రకమా అన్నది ముందే చూసుకోవాలి. ఈ మిషన్‌కి ఇంటర్నెట్ ఇవ్వనే వద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ రక్షణ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. పత్రాన్ని పీడీఎఫ్‌గా చేసి బయటికి తీసి వేరే చోట అచ్చు వేసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ తాళం ఉంటే దాన్ని వర్చువల్ మిషన్‌కి అప్పగించొచ్చు. అప్పుడు ఆ మిషన్ ఆ సర్వర్‌కే కట్టుబడి ఉంటుంది, తాళం మార్చి గుచ్చితే తప్ప రెండోదానికి వెళ్ళదు. కొత్తదాంట్లో ఒక పూర్తి ప్రశ్నపత్రం తెరిచి, ఒత్తులన్నీ సరిగ్గా వచ్చాయని తెలుగు అయ్యవారు చూసి సంతకం చేసేదాకా పాత డబ్బా పారేయొద్దు.

బ్యాకప్

రెప్లికేషన్ బ్యాకప్ కాదు. తప్పుగా చెరిపింది అక్కడా చెరుగుతుంది, వైరస్ తాళం వేసిన ఫైలు అక్కడికీ వెళ్తుంది. ప్రాక్స్‌మాక్స్ వాళ్ళే 2020లో బ్యాకప్ సర్వర్ ఒకటి విడుదల చేశారు. అదీ ఓపెన్ సోర్స్. మారిన ముక్కల్ని మాత్రమే దాచుకుంటుంది కనుక రోజూ తీసినా చోటు పెద్దగా పట్టదు. ఓటు వేసే ఆ మూడో డెస్క్‌టాప్ మీదే దీన్ని నడపొచ్చు. వారానికోసారి ఒక ప్రతి బయటి డిస్కు మీదికి తీసి, బడిలో కాక వేరే చోట తాళం వేసి ఉంచాలి. వాన నీరు, దొంగలు, మంటలు గదిలోని మూడు డబ్బాలనీ ఒకేసారి చూస్తాయి.

ఇంకొకటి. నెలకోసారి ఒక మిషన్‌ని బ్యాకప్ నుంచి వేరే పేరుతో లేపి చూడాలి, నెట్‌వర్క్ తీసేసి. అలా ఎప్పుడూ లేపి చూడని బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు. ఈ పని పదకొండో తరగతి కంప్యూటర్ పిల్లలకు ప్రాక్టికల్‌గా ఇవ్వాలనుకుంటున్నాను. అయితే పిల్లల వివరాలున్న ఆఫీసు మిషన్‌ని కాదు, కివిక్స్‌నో మూడుల్ నమూనానో. ఆఫీసుది నేనూ గుమాస్తా గారూ చూస్తాం.

సర్వర్ అసలు పాస్‌వర్డ్ ఒక్కరి బుర్రలోనే ఉండకూడదు. సీలు వేసిన కవరులో రాసి బీరువాలో పెడతాం. తెరిస్తే తేదీ వేసి మళ్ళీ కొత్త పాస్‌వర్డ్‌తో సీలు వేస్తాం.

ధరలు ఇక్కడ రాయలేదు, వారం వారం మారుతున్నాయి. రెండు సర్వర్లు, ఒక పాత డెస్క్‌టాప్, రెండు బయటి డిస్కులు, ఒక స్విచ్, ఒక యూపీఎస్: ఈ జాబితాకి మూడు చోట్ల కొటేషన్లు తీసి నోటీసు బోర్డులో పెడతాం. చూసి మీ అభిప్రాయం ఆఫీసులో రాసివ్వండి. ఇంట్లో పాత కంప్యూటర్ ఖాళీగా ఉన్న పిల్లలు దానిమీద ప్రాక్స్‌మాక్స్ వేసి చూడొచ్చు. 8 జీబీ మెమరీ ఉంటే నేర్చుకోవడానికి సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, అది ఆ డిస్కులో ఉన్నదంతా చెరిపేస్తుంది. అమ్మానాన్నల ఫోటోలు ముందు వేరేచోట దాచి, వాళ్ళను అడిగాకే మొదలుపెట్టండి.